కింది గ్రేడు వంతు

సాఫ్ట్‌వేర్ ఆఫీసులో రోజంతా ఏం చేస్తారని మా ఇబ్రహీంపట్నంలో చాలామంది నన్ను అడిగారు. చేసిన పని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు. చేసిన పనిని చేశామని రుజువు చేసుకోవడానికి పడ్డ పాట్ల గురించైతే ఎంతసేపైనా చెప్పగలను. రోజూ పొద్దున అందరం వరుసగా నిలబడి నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం అని అప్పజెప్పాలి. అప్పజెప్పిన మాటలనే ఆ వెంటనే ఒక వెబ్‌సైట్‌లో ఎక్కించాలి. సాయంత్రం క్లయింటుకు ఫోన్‌లో మళ్ళీ అవే చెప్పాలి. శుక్రవారం వచ్చేసరికి వారం మాటలన్నీ స్లైడ్లలోకి ఎక్కించి పై అధికారికి చూపించాలి. వీటి మధ్యలో ఖాళీ దొరికితే ప్రోగ్రాం రాసుకోవచ్చు.

మా క్లయింటు వేరే దేశంలోని ఇన్సూరెన్స్ కంపెనీ. ఒకసారి వాళ్ళ పేజీలో ఒక బటన్‌ను కొంచెం ఎడమకు జరపమన్నారు. చాయ్ తాగి వచ్చేలోపు అయిపోయే పని. దానికి ఎంతసేపు పడుతుందో అంచనా వెయ్యడానికి ఒక మీటింగు పెట్టారు. అంచనా ఎక్కువైందని ఇంకో మీటింగు పెట్టారు. ఆ రెండు మీటింగులకు పట్టిన సమయాన్ని అంచనాలో ఎందుకు కలపలేదని మూడోది. వారం తర్వాత బటన్ జరిగింది. ఆపై వారం క్లయింటు దాన్ని పాత చోటికే జరపమన్నాడు. మా కంపెనీ స్లైడ్లలో అవి రెండు విజయాలయ్యాయి. మేం పడీపడీ నవ్వుకున్నాం. అప్పట్లో ఇంకా నవ్వొచ్చేది.

అయినా ఆ ఉద్యోగమంటే నాకు ప్రాణం. కారణం పని కాదు, దూరం. మా ఇంట్లో చెరువు మీద చేపలు పట్టకుండా కుర్చీలో కూర్చుని సంపాదించిన మొదటివాణ్ణి నేనే. కానీ ఆ కుర్చీ ఏళ్ళ తరబడి నగరానికి అవతలి కొసన ఉండేది. ఒక బస్సు, మళ్ళీ ఇంకో బస్సు, ఆ తర్వాత షేర్ ఆటో. పాప లేవకముందే ఇంట్లోంచి బయటపడేవాణ్ణి, అది పడుకున్నాక ఇల్లు చేరేవాణ్ణి. నా కూతురు మాటలు నేర్చుకున్న కాలమంతా నాకు నా భార్య పంపిన వీడియోల్లోనే తెలుసు. రావిర్యాల దగ్గర రోడ్డు పక్క బిల్డింగులో రెండు అంతస్తులు అద్దెకు తీసుకుని ఈ కంపెనీ పెట్టారని తెలియగానే జీతం తక్కువైనా వచ్చి చేరాను.

ఇంటి నుంచి బండి మీద కాసేపటి దారి. క్లయింటు ఫోను ముగించుకుని బయల్దేరినా పాప అన్నం తినే వేళకు ఇంట్లో ఉండేవాణ్ణి. నేను కలిపి పెడితే తప్ప తినని అలవాటు చేసుకుంది. నేనూ చేసుకోనిచ్చాను. పోరిని నువ్వే ఖరాబ్ చేస్తున్నవని నా భార్య విసుక్కునేది. ఆమె ప్రైవేటు బడిలో టీచరు, పిల్లలు ఎవరి అన్నం వాళ్ళే కలుపుకోవాలన్నది ఆమె పట్టుదల. విసుక్కుంటూనే తన కంచం తెచ్చుకుని మా పక్కనే కూర్చునేది. ఉద్యోగం నుంచి నాకు కావలసింది ఆ గంటే. మిగతా మీటింగులన్నీ దానికి కట్టే పన్ను అనుకునేవాణ్ణి.

మా టీమ్‌లో ఆరుగురం, మా పైన ఒక మేనేజర్. నల్లగొండ వైపు పల్లెటూరివాడు. సార్ అనొద్దంటే అందరం అన్నా అనేవాళ్ళం. మంచివాడే. ఈ మాట రాస్తుంటే ఒళ్ళు మండుతోంది గాని అబద్ధం రాయలేను. ఎవరి ముఖం వాడిపోయినా, సెలవు అడగకముందే ఇంటికి పొమ్మనేవాడు. పై అధికారుల తిట్లు మా దాకా రానిచ్చేవాడు కాదు.

కంపెనీలో ఏడాదికోసారి గ్రేడ్లు ఇస్తారు. ప్రతి టీమ్‌లోనూ ఒకరిని తప్పనిసరిగా అట్టడుగు గ్రేడులో వెయ్యాలి. అందరూ బాగా పనిచేసినా సరే, ఒకరు బాగా చెయ్యనట్టే. ఈ పద్ధతి కనిపెట్టిన మహానుభావుడు తన ఇంట్లో కూడా ఇట్లాగే నడిపాడా, పిల్లలందరూ బుద్ధిగా ఉన్నా ఒకణ్ణి మాత్రం లెక్క కోసం పస్తు పడుకోబెట్టాడా అని నాకు ఇప్పటికీ అనుమానం. మొదటి ఏడాది మా టీమ్‌లో ఆ గ్రేడు పడ్డవాడు చాలా రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. పక్క టీముల్లోనైతే స్నేహితులే ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకున్నారు.

మాకు ఆ గతి పట్టకూడదని మా మేనేజర్ ఒక ఉపాయం చెప్పాడు. మధ్యాహ్నం అందరం టిఫిన్ డబ్బాలు తెరుచుకుని కూర్చున్నాం. నాదర్‌గుల్‌లో విమానం నడపడం నేర్చుకునేవాళ్ళు మా బిల్డింగు మీదుగా చక్కర్లు కొడుతున్నారు. ఆ మోత తగ్గేదాకా ఆగి చెప్పాడు.

"మా ఊర్ల బోరు నీళ్ళకు వంతు పెట్టుకుంటం. గట్లనే దీనికి పెట్టుకుందాం. ఏడాదికొక్కరు మోస్తే ఎవ్వరికీ బరువు గాదు."

అందరికీ నచ్చింది, నాకూ నచ్చింది. బోరు దగ్గర వంతు పెట్టుకునేది నీళ్ళు దక్కించుకోవడానికి, ఇక్కడ పెట్టుకుంటున్నది పోగొట్టుకోవడానికి అని ఆ పూట ఒక్కరికీ తోచలేదు. చీటీలు వేసి వరుస తేల్చుకున్నాం. వంతు వచ్చినవాళ్ళకు ఆ ఏడాది జీతం పెరగదు కాబట్టి శనివారం డ్యూటీలు వెయ్యకూడదని, గ్రేడు వచ్చిన రోజు మిగతావాళ్ళు బిర్యానీ తినిపించాలని నియమం పెట్టుకున్నాం.

కింది గ్రేడు ఇచ్చినప్పుడు మేనేజర్ దానికి కారణాలు కూడా రాయాలి. లేని లోపాలు ఆయన మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తాడు? అందుకని ఎవరి వంతైతే వాళ్ళే తమ లోపాలు తాము రాసివ్వాలి, ఆయన వాటిని తన మాటలుగా ఎక్కిస్తాడు. ఆ రాసే రోజు మాకు పండగలా ఉండేది. ఒకడు తనకు సమయపాలన తెలియదని రాసుకున్నాడు. అది నిజమే గదరా, నిజమైనవి రాయొద్దు, వేరేది రాయమని మిగతావాళ్ళం పట్టుబట్టి కొట్టేయించాం. పాము చావకుండా, కర్ర విరగకుండా కొన్నేళ్ళు అట్లా నడిచింది. కంపెనీకి కావలసిన పనికిరానివాడు ఏటేటా దొరుకుతూ వచ్చాడు, మా మధ్య మాత్రం ఎవరూ పనికిరానివాళ్ళు కాలేదు.

నేను చెప్పబోయే ఏడాది వంతు మా టీమ్‌లోని ఒకామెది. బడంగ్‌పేట్ నుంచి వచ్చేది, నన్ను అన్నా అని పిలిచేది. కాన్పు సెలవు ముగించుకుని అప్పుడే తిరిగి చేరింది. అత్తగారింట్లో ఆమె ఉద్యోగం ఎవరికీ ఇష్టం లేదు. మానెయ్యమని నోటితో అనరు, సాకు కోసం చూస్తుంటారు. పిల్లను వదిలి పోయి ఏం ఊడబొడుస్తున్నావని అడగడానికి కింది గ్రేడును మించిన సాకు ఏముంటుంది? గ్రేడ్ల నెల దగ్గర పడేకొద్దీ ఆమె డబ్బా తెరవడం కూడా మానేసింది. ఒకరోజు మెట్ల దగ్గర నన్ను ఆపింది.

"అన్నా, ఈ ఒక్క ఏడు నా వంతు జరుపుతరా? వచ్చే ఏడు నేను మోస్త. ఇప్పుడు గిట్ల వస్తే మా ఇంట్ల నన్ను మల్ల గడప దాటనియ్యరు."

ఆమె తర్వాతి వంతు నాదే. జరిగితే నేనే జరగాలి. అదేదో త్యాగమని నాకు అనిపించలేదు. ఎట్లాగూ పడేది ఒక ఏడాది ముందు పడుతుంది, శనివారాలు పాపతో గడపొచ్చు అనుకున్నాను. సరేనన్నాను. ఇద్దరం కలిసి మేనేజర్ దగ్గరికి వెళ్ళి చెప్పాం. ఆయన ల్యాప్‌టాప్ మూత సగం దించి నా వైపు చూశాడు. పక్కానా అని అడిగాడు. మళ్ళీ ఒకసారి ఆలోచించుకోమన్నాడు. ఇందులో ఆలోచించేది ఏముందని నేనే ఎదురడిగాను. ఆయన ఆమెను చూశాడు, నన్ను చూశాడు, సరే కానియ్యమన్నాడు. ఆమె చున్నీతో కళ్ళు తుడుచుకుంది.

ఆ ఏడాది నా పని ఎట్లా ఉందో ఇక్కడ చెప్పుకోక తప్పదు. క్లయింటు దగ్గర ఏళ్ళుగా మొరాయిస్తున్న ఒక పాత ప్రోగ్రాంను నేనే విప్పి మొదటి నుంచీ మళ్ళీ రాశాను. వద్దన్నవాళ్ళను ఒప్పించడానికే సగం ఏడాది పోయింది. చివరికి క్లయింటు నన్ను మెచ్చుకుంటూ అందరికీ మెయిలు పంపాడు. అటువంటి ఏడాది చివర కూర్చుని నా లోపాలు రాసుకున్నాను. సమావేశాల్లో చురుగ్గా మాట్లాడడు. కొత్త విషయాలు నేర్చుకోవడంలో ఆసక్తి తక్కువ. మార్పును స్వీకరించలేడు. మూడోది చదివి టీమంతా పగలబడి నవ్వింది. బిర్యానీకి పోయాం. ఆమె తన ప్లేటులోని ముక్కలన్నీ తీసి నా ప్లేటులో వేసింది.

వానలు మొదలయ్యాక పైనుంచి ఒక మెయిలు వచ్చింది. ఏఐ వచ్చింది కాబట్టి ఇకమీదట తక్కువ మందితో ఎక్కువ పని చేస్తామని దాని సారాంశం. ఆ ఏఐ రాసిచ్చే ప్రోగ్రాంలలో తప్పులు వెతకడానికి అప్పటికే మాకు రోజుకో కొత్త మీటింగు మొదలైంది, ఆ సంగతి మెయిల్లో లేదు. ఎవరిని తీసెయ్యాలన్నది తేల్చడానికి వాళ్ళు పెద్దగా బుర్ర బద్దలు కొట్టుకోలేదు. ప్రతి టీమ్‌లోనూ కింది గ్రేడు వచ్చినవాళ్ళను తీసేస్తున్నారు. చదివి తలెత్తాను. చుట్టుపక్కల కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. ఒక్కరూ నా వైపు చూడలేదు.

మరునాడు చిన్న గదిలోకి పిలిచారు. నా పక్క కుర్చీలో మేనేజర్, గోడ మీది తెరలో వేరే ఊరి నుంచి హెచ్‌ఆర్ అమ్మాయి. చాలా మర్యాదగా మాట్లాడింది. నా పనితీరు మీద మేనేజర్ అభిప్రాయాన్ని ముందు చదువుతానంది. చదివింది. సమావేశాల్లో చురుగ్గా మాట్లాడడు. కొత్త విషయాలు నేర్చుకోవడంలో ఆసక్తి తక్కువ. నేను రాసినవి రాసినట్టే ఉన్నాయి, ఒక్క మాట మార్చే శ్రమ కూడా ఆయన తీసుకోలేదు. నా మీద నేను అల్లుకున్న అబద్ధాలను ముక్కూ మొహం తెలియని మనిషి అంత గంభీరంగా చదువుతుంటే, ఒక్క క్షణం నేను నిజంగానే అటువంటివాణ్ణేమో అనిపించింది. నా బతుకులో అంత అసహ్యమైన క్షణం ఇంకోటి లేదు.

ఇవి నా లోపాలు కావని, ఇది వంతని చెప్పడం మొదలుపెట్టాను. ఆ అమ్మాయికి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమంది. ఈసారి ముందుకు వంగి వింది.

"అంటే మీ మేనేజర్ ఇన్నేళ్ళుగా తప్పుడు గ్రేడ్లు ఇచ్చారంటున్నారా? అలా అయితే మీ టీమ్ అందరి గ్రేడ్లూ మళ్ళీ తెరవాలి. ఈ ఏడాది అసలు ఎవరికి రావాలో కూడా చూడాలి."

అవునన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఈ ఏడాది అసలు ఎవరికి రావాలి? తలుపు అవతల తన సీట్లో ముడుచుకుని కూర్చున్న ఆమెకు రావాలి. నేను అవునంటే రేపు ఈ కుర్చీలో ఆమె ఉంటుంది. మేనేజర్ వైపు చూశాను. వంతు సంగతి ఎత్తక్కర్లేదు, ఇతను పనిమంతుడు, నేను గ్రేడు వెయ్యడంలో పొరపాటు పడ్డాను అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆయన టేబుల్ మీది నీళ్ళ సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు. తిప్పిన మూతనే మళ్ళీ తిప్పాడు. నాకు చెప్పేదేమీ లేదని ఆ అమ్మాయితో అన్నాను. సమావేశాల్లో చురుగ్గా మాట్లాడడన్నది అట్లా నిజం చేశాను.

ల్యాప్‌టాప్ తిరిగి ఇవ్వాలంటే కంప్యూటర్లో టికెట్ వెయ్యాలి, అంటే అర్జీ పెట్టాలి. టికెట్ వెయ్యాలంటే లాగిన్ కావాలి. నా లాగిన్ అప్పటికే తీసేశారు. ఒక బటన్ జరపడానికి వారం తీసుకున్న కంపెనీ నన్ను జరపడంలో చూపిన చురుకు చూసి ముచ్చటేసింది. చివరికి మేనేజర్ తన పేరు మీద టికెట్ వేసి, బండి దాకా నాతో వచ్చాడు. వచ్చేటప్పుడు ఆమె సీటు ఖాళీగా ఉంది. బాత్రూమ్‌లో ఉందని ఎవరో అన్నారు. బండి దగ్గర మేనేజర్ నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు ఫికర్ చెయ్యకు. నీ పనికి ఎక్కడన్న దొరుకుతది. ఆమెది పోతే ఇగ ఇంట్లనే కూసోవెడుతరు. అందుకే నువ్వు వంతు మారుతనంటే నేను ఊకున్న."

ఆ చివరి మాట నాకు వెంటనే ఎక్కలేదు. హెల్మెట్ పెట్టుకోబోయి ఆగాను.

"అంటే నీకు అప్పుడే ఎరుకనా?"

"ఈసారి కింది గ్రేడోళ్ళను తీసేస్తరని మా మేనేజర్ల మీటింగుల చెప్పిండ్రు," అన్నాడు. "బయట అనొద్దన్నరు."

పక్కానా అని ఎందుకు అడిగాడో అప్పుడు తెలిసింది. ఒక్క ముక్క అడిగేసి తన ధర్మం తీరిపోయిందనుకున్నాడు. ఆమె మీద జాలి పడ్డాడు, ఆ జాలికి నా ఉద్యోగం ఖర్చుపెట్టాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటే ఇదే. అంతకన్నా నన్ను మండించింది ఏమిటంటే ఆయన గొంతులో సిగ్గు లేదు. నన్ను నిజంగా మెచ్చుకుంటున్నాడు. ఇన్నేళ్ళలో ఏ గ్రేడులోనూ రాయని మెప్పు, పార్కింగులో నిలబడి చెబుతున్నాడు.

తిట్టాను. ఆ తిట్లు ఇక్కడ రాయను. తలవంచుకుని అన్నీ విన్నాడు. పైకి పోయి ఆ హెచ్‌ఆర్ అమ్మాయికి మొత్తం చెప్పేస్తానని గేటు దగ్గరికి తిరిగి వెళ్ళాను. నా కార్డు పని చెయ్యలేదు. రోజూ నమస్తే పెట్టే సెక్యూరిటీ ఆయన, లోపలివాళ్ళు ఎవరైనా వెంట తీసుకుపోతే పంపుతానన్నాడు. వెనక్కి తిరిగి చూశాను. మేనేజర్ అక్కడే ఉన్నాడు, మెడలో కార్డు వేలాడుతోంది. ఆయన రాలేదు. లోపలికి పోయి ఉంటే నిజంగా చెప్పేవాణ్ణా, ఆమె పేరు బయటపెట్టేవాణ్ణా అంటే నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు తెలుసుకునే అవకాశం కూడా నాకు ఇవ్వలేదు.

ఇంట్లో నా భార్య అంతా వింది. తర్వాత ఒకే మాట అంది.

"మంచోల్లు మంచోల్లని ఇన్నేండ్లు చెప్తివి. అంతమంది మంచోల్లల్ల ఒక్కరికన్న నోరు లేకపాయెనా?"

మా అన్న ఇప్పటికీ చేపలకు పోతాడు. తప్పు చెయ్యకుంటే ఊరికే ఎందుకు తీసేస్తారని అతనికి ఒకటే సందేహం. వంతు గురించి వివరంగా చెప్పాను. చెబుతుంటే నాకే అది తాగుబోతు మాటలాగా వినిపించింది. తప్పు దాచుకోవడానికి ఏదో కథ చెబుతున్నానని అతను అనుకున్నట్టున్నాడు, రెట్టించి అడగలేదు. ఇంటర్వ్యూల్లో అయితే వంతు మాటే ఎత్తలేదు. ఆ రోజుల్లో మా ఇంట్లో సంతోషంగా ఉన్నది పాప ఒక్కతే. రెండు పూటలా నా చేతి ముద్దలే తింది.

నెలలు గడవకముందే ఉద్యోగం దొరికింది. పాత జీతం కన్నా ఎక్కువే. నగరానికి అవతలి కొసన. ఒక బస్సు, మళ్ళీ ఇంకో బస్సు. అక్కడా పొద్దున నిలబడి అప్పజెప్పాలి, సాయంత్రం ఫోన్లో మళ్ళీ చెప్పాలి. పాత ఆఫీసులో జట్టుగా పనిచేసే గుణం దెబ్బతింటోందని ఈ ఏడాది నుంచి కింది గ్రేడు పద్ధతినే ఎత్తేశారని తెలిసింది. ఆమె వంతు ఇక రాదు. ఆమె ఉద్యోగం ఉన్నందుకు నాకు బాధ లేదు. ఆమె ఇప్పటిదాకా ఒక్క ఫోను చెయ్యనందుకు ఉంది.

మొన్న మేనేజర్ ఫోను చేశాడు. నాకు ఉద్యోగం వచ్చిన సంగతి ఆలస్యంగా తెలిసిందట. "నేను చెప్పిన గద, దొరుకుతదని," అన్నాడు. సంతోషంగానే అన్నాడు. ఆయన మాట తప్పైపోవాలని, నాకు ఉద్యోగం దొరక్కుండా ఉంటే కనీసం ఆయన ముఖాన కొట్టినట్టు చెప్పొచ్చని నేను ఎన్నిసార్లు అనుకున్నానో ఆయనకు తెలియదు. అప్పుడు నేను కిక్కిరిసిన బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నాను. అవునన్నా, దొరికిందన్నాను. ఫోను పెట్టేసి ఇంటికి చేసి, పాప అన్నం తిందా అని అడిగాను. తానే కలుపుకుని తిని పడుకుందని నా భార్య చెప్పింది.